ఫీనిక్స్ నుంచి ఎల్‌ఏకి ఐ-10 మీద ఆగకుండా వెళ్ళిపోవచ్చా? దారిలో నిజంగా ఏమీ ఉండదా?

ప్రశ్న అడిగినాయన రాసింది ఏంటంటే, వచ్చే నెల అమ్మానాన్నల్ని తీసుకుని ఆరిజోనాలోని ఫీనిక్స్ నుంచి కార్లో ఎల్‌ఏ, అంటే లాస్ ఏంజెలెస్ వెళ్తున్నారట, ఐ-10 హైవే మీద మధ్యలో అంతా ఎడారే, చూడ్డానికి ఏమీ ఉండదు, ఒక్క ట్యాంకుతో ఎక్కడా ఆగకుండా కొట్టేయొచ్చు అని ఫ్రెండ్స్ చెప్పారట, నిజమేనా అని.

వెళ్ళొచ్చండి. దాదాపు 370 మైళ్ళు, ఈరోజుల్లో ఏ కారైనా లాగేస్తుంది. కానీ వెళ్ళకూడదు. పెద్దవాళ్ళని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని అయితే అస్సలు వెళ్ళకూడదు. ఇక్కడ ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఇదొక పందెం అయిపోయింది, ఒకరు అయిదు గంటల్లో వెళ్ళాం అంటారు, ఇంకొకరు నాలుగున్నర అంటారు, కింద చప్పట్ల ఎమోజీలు. ఆ నాలుగున్నర వాళ్ళలో సగం మంది చలికాలంలో వెళ్ళినవాళ్ళే అని నా గట్టి నమ్మకం. కాలిఫోర్నియాలా ఆరిజోనాలో వేసవికి గడియారాలు గంట ముందుకి జరపరు కాబట్టి శీతాకాలంలో కాలిఫోర్నియా మనకంటే ఒక గంట వెనక ఉంటుంది, పొద్దున ఆరింటికి బయల్దేరి పదిన్నరకి దిగాం అంటే అయిదున్నర గంటలు పట్టిందని అర్థం. ఆ గంట సంగతి ఎవరూ చెప్పరు, విన్నవాళ్ళు మాత్రం తొంభై మీద తోలుతారు. ఆరిజోనా వైపు స్పీడ్ లిమిట్ గంటకి 75 మైళ్ళు, కొలరాడో నది దాటి కాలిఫోర్నియాలోకి వెళ్ళాక 70.

అసలు సంగతికొస్తా. ఎడారి హైవే మీద ఎగ్జిట్ అనేది అవసరం వచ్చినప్పుడు తీసుకునేది కాదు, అవసరం రాకముందే తీసుకోవాల్సింది. ఇది నేను ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. ఊళ్ళో హైవే మీద మైలుకో ఎగ్జిట్ ఉంటుంది, ఒకటి పోతే ఇంకోటి. ఇక్కడ అలా కాదు, ఒకటి దాటేశారంటే ఎనిమిది పది మైళ్ళు, ఆ తర్వాతది కూడా ఉత్త మట్టి రోడ్డే కావొచ్చు, బంకు కాదు కదా ఒక చెట్టు నీడ కూడా ఉండదు. బోర్డు మీద రోడ్డు పేరు ఉంటుంది, కింద గ్యాస్ (అంటే పెట్రోలు), ఫుడ్ అని నీలం బోర్డు లేదంటే అక్కడ ఏమీ లేదని తెలుసుకోవాలి.

నేను ఈ విషయం ఇంత పట్టుపట్టి చెప్పడానికి కారణం ఒక జూన్ నెల. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, మాలిబు వెంకటేశ్వర స్వామి గుడికి అని మధ్యాహ్నం బయల్దేరాం. దారిలో టోనోపా అనే చిన్న ఊళ్ళో ఆగి ట్యాంక్ ఫుల్ చేయించా, అప్పటికి ముప్పావు వంతు ఉన్నా సరే. బౌస్ వాష్ రెస్ట్ ఏరియా దాటామో లేదో ముందర బ్రేక్ లైట్లు ఒకదాని తర్వాత ఒకటి ఎర్రగా వెలుగుతూ వచ్చేశాయి, రెండు లేన్లూ నిండిపోయాయి, ఇక అంతే, కదలదు. తర్వాతి ఎగ్జిట్ 45, మేం ఉన్నది మైలురాయి 50 దగ్గర, అంటే ఇంకా అయిదు మైళ్ళు. వెనక్కి తిప్పుకోడానికి లేదు, మధ్యలో అంతా ఇసుక. ఒకాయన తెగించి అటు రోడ్డు మీదకి దాటబోయి సగంలో చక్రాలు ఇసుకలో దిగబడి అక్కడే ఉండిపోయాడు. కార్లో మీటర్ బయట 114 చూపిస్తోంది, అంటే మన సెల్సియస్ లెక్కలో 45 దాటింది.

మా ముందు ఒక తెల్లటి ట్రైలర్ ఉన్న పెద్ద ట్రక్కు. కాసేపటికి అందులోంచి ఒక సర్దార్‌జీ దిగాడు, యాభై దాటిన మనిషి, నీలం పాగా, కాళ్ళకి చెప్పులు, చేతిలో గాలన్ నీళ్ళ క్యాన్. ఒక్కో కారు దగ్గరికీ వచ్చి అద్దం కొట్టి నీళ్ళు ఉన్నాయా అని అడుగుతున్నాడు. మా దగ్గరకొచ్చి అమ్మ చీర చూసి వెంటనే హిందీలోకి మారిపోయాడు. నాన్నగారు దక్షిణ మధ్య రైల్వేలో గార్డుగా చేసి రిటైర్ అయినాయన, హిందీ బాగా వచ్చు, ఇక ఇద్దరికీ మాటలే మాటలు. ముందు ఎక్కడో లారీ బోల్తా పడిందట, రోడ్డు తెరవడానికి గంటలు పడుతుందని రేడియోలో విన్నాడట.

అప్పుడు ఆయన చెప్పిన ముక్క నేను ఎక్కడా చదవలేదు, ఎవరూ చెప్పలేదు. పొద్దు పడమటికి వాలుతోంది, మేం వెళ్ళేదీ పడమటికే కాబట్టి ట్రైలర్ నీడ సరిగ్గా దాని వెనకే పడుతోంది. కారు ముందుకి తే బేటా, ఇంకా, ఇంకా అని చెయ్యి ఊపుతూ, ట్రైలర్‌కీ మా బంపర్‌కీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉంచి ఆపించాడు. నీడ మొదట బానెట్ వరకే వచ్చింది, ఇంకాసేపటికి విండ్‌షీల్డ్ మీదకి పాకింది, ఇంకా పొద్దు దిగేసరికి వెనక సీట్లో అమ్మ ఒళ్ళో దాకా వచ్చేసింది. అంతసేపూ ఆయాసపడుతున్న ఏసీ అప్పుడు చల్లగా ఊదడం మొదలుపెట్టింది. నిజంగా అంత తేడా ఉంటుందని కూర్చుంటే తప్ప తెలీదు.

పక్క లేన్లో ఒక చిన్న కార్లో స్పానిష్ మాట్లాడే కుటుంబం, ఒళ్ళో చంటిపిల్ల. వాళ్ళ ముల్లు పావు కంటే కిందకి ఉంది, గ్యాస్ అయిపోతుందని ఏసీ కట్టేసి అద్దాలు దించుకుని కూర్చున్నారు. పిల్ల మొహం కందిపోయింది. అమ్మ నన్ను అడగనైనా అడగలేదు, తలుపు తీసి ఆ తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. ఒకరి భాష ఒకరికి రాదు. అమ్మ మజ్జిగలో చీర కొంగు తడిపేలా ఉంటే నేనే నీళ్ళ సీసా ఇచ్చా, ఆ తడి గుడ్డతో పిల్ల మెడా అరికాళ్ళూ తుడుస్తూ కూర్చుంది. గుడి కోసమని చేసిన పులిహోర అక్కడే అయిపోయింది, సర్దార్‌జీ ట్రక్కు మెట్టు మీద కూర్చుని రెండుసార్లు పెట్టించుకున్నాడు. మూడు గంటల పైమాటే ఉన్నాం అక్కడ. ఇంజన్ అలా నడుస్తూనే ఉంటే గంటకి అర గాలన్ అటూ ఇటూగా తాగుతుంది, నిండు ట్యాంకుతో ఉన్న మాకు అదొక లెక్కే కాదు, పావు ట్యాంకుతో ఉన్నవాళ్ళకి ప్రాణం మీదకి వచ్చింది. అందుకే అంటున్నా, ఒక్క ట్యాంకుతో కొట్టేయొచ్చు అన్న లెక్క రోడ్డు కదులుతున్నంతసేపే.

ఎగ్జిట్ నంబర్ల సంగతి కూడా ఆ సర్దార్‌జీయే నాన్నగారికి చెప్పాడు. ఆరిజోనాలో ఐ-10 మీద ఎగ్జిట్ నంబర్ అంటే కాలిఫోర్నియా సరిహద్దు ఇంకా ఎన్ని మైళ్ళుందో అదే. 94 టోనోపా, 19, 17 క్వార్ట్‌జ్‌సైట్, 1 ఎరెన్‌బర్గ్, తర్వాత కొలరాడో నది. ఇది తెలిస్తే ఫోన్లో సిగ్నల్ పోయినా మీకు లెక్క పోదు. టోనోపా దాటాక క్వార్ట్‌జ్‌సైట్ వరకు 75 మైళ్ళు, మధ్యలో ఏదో దొరుకుతుందిలే అనుకోకండి. నది దాటాక కాలిఫోర్నియాలో నంబర్లు శాంటా మోనికా వైపు నుంచి లెక్క, బ్లైత్ దగ్గర 240 అటూ ఇటూగా మొదలై తగ్గుకుంటూ పోతాయి. గ్యాస్ కూడా నది దాటగానే రేటు పెరిగిపోతుంది కాబట్టి ఎరెన్‌బర్గ్‌లోనో క్వార్ట్‌జ్‌సైట్‌లోనో నింపుకోవడం రెండు విధాలా లాభం. టెస్లా వాళ్ళకి క్వార్ట్‌జ్‌సైట్‌లో సూపర్‌ఛార్జర్లు ఉన్నాయి, థాంక్స్‌గివింగ్‌కి మాత్రం క్యూ చూసి ఏడుపొస్తుంది.

ఇక ఏమీ ఉండదు అన్నమాట. ఈ మాట వింటే నాకు నిజంగా ఒళ్ళు మండుతుంది. టోనోపా ముందర ఎడమ పక్కన దూరంగా తెల్లటి ఆవిరి లేస్తుంటుంది చూడండి, అది పాలో వెర్డే అణు విద్యుత్ కేంద్రం, పక్కన నది లేదు, సముద్రం లేదు, ఫీనిక్స్ ఊరి మురుగునీరు శుద్ధి చేసి దాంతోనే చల్లబరుస్తారు. క్వార్ట్‌జ్‌సైట్‌లో శ్మశానంలో రాళ్ళతో కట్టిన చిన్న పిరమిడ్, పైన రాగి ఒంటె. హాజీ అలీ అనే ఒంటెలు తోలే ఆయన సమాధి అది, ఇక్కడి జనం హై జాలీ అని పిలిచేవారు. 1850ల్లో అమెరికా సైన్యం ఎడారి దారుల్లో సరుకు మోయడానికి ఒంటెలు తెప్పిస్తే, 1856లో వాటితో పాటు ఒట్టోమన్ సామ్రాజ్యం నుంచి వచ్చాడు. ఒంటెల పథకం మూతపడింది, ఆయన ఇక్కడే ఉండిపోయి 1902లో పోయాడు, 1935లో ఆరిజోనా హైవే శాఖ వాళ్ళే ఆ సమాధి కట్టించారు. 2020 లెక్కల్లో రెండున్నర వేల జనం కూడా లేని ఊరు, జనవరిలో వెళ్ళి చూడండి, చలి తప్పించుకోడానికి వచ్చిన ఆర్‌వీలతో, అంటే ఇల్లులాంటి బళ్ళతో కనుచూపు మేర తెల్లగా ఉంటుంది, రాళ్ళూ రత్నాలూ అమ్మే సంత. మా నాన్నగారు అక్కడ గంటసేపు రాళ్ళు ఏరారు.

కాలిఫోర్నియా వైపు డెజర్ట్ సెంటర్, ఎగ్జిట్ 192. మూతపడ్డ పాత కేఫ్, వరసల్లో నాటిన ఎండిపోయిన పామ్ చెట్లు, చూసి పాడుబడ్డ ఊరు అనుకుని పోతారు. కాలిఫోర్నియాలో మన ఐటీ వాళ్ళలో ఎంతమంది జేబుల్లో కైజర్ అనే ఆరోగ్య బీమా సంస్థ కార్డు ఉంటుందో, ఆ కైజర్ వైద్యానికి పునాది ఈ ఊరి దగ్గరే. 1933లో డాక్టర్ సిడ్నీ గార్‌ఫీల్డ్ అని కొలరాడో నది నీళ్ళు ఎల్‌ఏకి తీసుకెళ్ళే కాలువ తవ్వే కూలీల కోసం 12 పడకల ఆసుపత్రి పెట్టాడు, మనిషికి రోజుకి 5 సెంట్లు ముందే కట్టించుకుని వైద్యం చేసేవాడు. ఇదే ఊరి దగ్గర 2015 జులై 19న డొలొరెస్ తుఫాను తాలూకు వానకి టెక్స్ వాష్ అనే ఎండిన వాగు మీద ఐ-10 వంతెన కూలిపోయింది, కొన్ని రోజులు జనం ఐ-8 మీదా ఐ-40 మీదా చుట్టు తిరిగి వెళ్ళారు. ఎడారిలో వానేంటి అనుకుంటారు, ఆ ఎండిన వాగులే వంతెనల్ని మింగేది. జులై ఆగస్టుల్లో అయితే దుమ్ము తుఫాను సంగతి కూడా ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి: ఎదురు కనపడకపోతే తారు రోడ్డు పూర్తిగా దిగి పక్కకి ఆపాలి, లైట్లన్నీ ఆర్పేయాలి, మిణుకుమనే హజార్డ్ లైట్లు కూడా, బ్రేక్ మీద కాలు తీసేయాలి. మీ వెనక లైటు చూసి అదే లేను అనుకుని వెనకవాడు వచ్చి గుద్దుతాడు కాబట్టి.

ఇంకో బాధ ఉంది, చెప్పకపోతే నిద్ర పట్టదు. ఫీనిక్స్ ఊరు దాటాక కాలిఫోర్నియాలోని ఇండియో వరకు చాలామటుకు అటు రెండు ఇటు రెండే లేన్లు. మనవాళ్ళు క్రూజ్ కంట్రోల్ పెట్టి ఎడమ లేన్లో సెటిలైపోతారు, వెనక పది కార్లు ఉన్నా కదలరు. ఓవర్‌టేక్ చేసి కుడికి వచ్చేయండి బాబూ, ఎడమ లేను మన సొంత స్థలం కాదు.

మీకు నా సలహా, తెల్లారకముందే బయల్దేరండి. టోనోపాలో గ్యాస్, క్వార్ట్‌జ్‌సైట్‌లో టిఫిన్ చేసి కాళ్ళు సాగదీసుకోండి, పెద్దవాళ్ళకి కాళ్ళు వాస్తాయి, గంటన్నరకి ఒకసారి దింపి నడిపించాల్సిందే. తర్వాత చిరియాకో సమ్మిట్‌లో ఆగండి, 1933లో జో చిరియాకో అనే ఆయన పెట్టిన బంకు, కేఫ్ ఇప్పటికీ నడుస్తున్నాయి, పక్కన రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సేనాని జనరల్ ప్యాటన్ మ్యూజియం, బయట ట్యాంకులు వరసగా నిలబెట్టి ఉంటాయి, మీ నాన్నగారికి నచ్చుతుంది. ఒక కాఫీ అయినా ఆ చిన్న ఊళ్ళలోనే కొనండి, వాళ్ళు తెరిచి ఉండబట్టే మనకి ఆ దారిలో ధైర్యం. తిరుగు ప్రయాణంలో ఇండియో నుంచి ఈ చిరియాకో దాకా ఎక్కుడే, ఇండియో సముద్ర మట్టం కంటే కొంచెం కిందే ఉంటుంది, ఎండాకాలం అయితే ఆ పాతిక ముప్పై మైళ్ళూ ఇంజన్ టెంపరేచర్ ముల్లు మీద ఒక కన్ను వేసి ఉంచండి.

బ్లైత్ దగ్గర కాలిఫోర్నియా వ్యవసాయ శాఖ చెక్‌పోస్ట్ ఉంటుంది, పండ్లు మొక్కలు ఉన్నాయా అని అడుగుతారు. అమ్మగారు పెరటి కరివేపాకు మూట కట్టి ఉంటే ఇంట్లోనే పెట్టి రమ్మనండి, నిమ్మ నారింజ తోటల్ని చంపే తెగులు మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, తీసేసుకుంటే వాళ్ళ మీద కోప్పడొద్దు. కార్లో నారింజలు ఉంటే ఎరెన్‌బర్గ్‌లో గ్యాస్ కొట్టించేటప్పుడే తినేయండి.