బాబ్‌క్యాట్ కథ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

డాలస్ శివారులో మీ పెరటి కంచె మీద నడిచి వెళ్లిన బాబ్‌క్యాట్‌తో, అంటే ఆ పొట్టి తోక అమెరికా అడవి పిల్లితో, మొదలుపెట్టి, పడమటి టెక్సస్‌లో మేకలు పెంచే రాంచ్‌లో దాన్ని కాల్చి చంపడంతో ముగించిన నీ కథ రెండుసార్లు చదివాను. మొదటి రెండు పేజీల్లో నువ్వు కళ్లతో చూసింది ఉంది. తర్వాతంతా ఊహ. ఊహించడం తప్పు కాదు గానీ, వేట తెలిసినవాడు చదివితే మూడో పేజీ దగ్గరే పుస్తకం మూసేస్తాడు.

ముందుగా ‘క్రూరమృగం’ అన్న మాట తీసెయ్. వేటాడి తినే జంతువుకి మన భాషలో నాలుక మీద ఉండే పేరు అదే, కానీ ఆ పేరులోనే తీర్పు ఉంది. టెక్సస్‌లో ఇదే జంతువుని ఏమంటారో చూడు. తోలు అమ్ముకునేవాడికి ఫర్‌బేరర్, అంటే బొచ్చుతోలు ఇచ్చే జంతువు. మేకలవాడికి వార్మింట్, అంటే మందకి పట్టిన పీడ. రాష్ట్ర చట్టానికి నాన్‌గేమ్, అంటే వేట జంతువుల లెక్కలోకి రానిది: ఫలానా నెలల్లోనే కొట్టాలన్న సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న లెక్క లేదు, లైసెన్సూ భూమి యజమాని అనుమతీ ఉంటే చాలు. మీ కాలనీవాళ్లకి మాత్రం ఫోనులో ఫొటో. ఈ నాలుగు పేర్లూ నాలుగు పాత్రల నోట పలికించు, ఎవరెవరు ఎటువైపో నువ్వు చెప్పక్కర్లేదు. ఇంకోటి, ‘చిరుతంత పిల్లి’ అని రాశావు. మగది సగటున తొమ్మిది, పది కిలోలు. ఆడది ఏడు కిలోల లోపే. దట్టమైన బొచ్చు వల్ల పెద్దగా కనిపిస్తుంది.

ఇక వేట దృశ్యం. వేటగాడు యంత్రంలో గాయపడ్డ కుందేలు అరుపు వినిపించగానే నీ బాబ్‌క్యాట్ ఐదు నిమిషాల్లో పరుగెత్తుకొచ్చింది. అది కొయోట్, అంటే నక్కని పోలిన అక్కడి అడవి జంతువు, చేసే పని. బాబ్‌క్యాట్ అలా రాదు. పొద మాటున నాలుగడుగులు వేసి కూర్చుంటుంది, చూస్తుంది, మళ్లీ ఇంకో పొద దాకా జరుగుతుంది. అందుకే దానికోసం కూర్చున్నవాడు కనీసం అరగంట, చాలామంది ముప్పావుగంట కదలరు. అరుపు మధ్యలో ఎక్కువసేపు ఆగకూడదు, ఆగితే దాని ధ్యాస పోతుంది. అరుపు యంత్రాన్ని వేటగాడు తన పక్కన పెట్టుకోడు, కొంత దూరంలో పెడతాడు, జంతువు చూపు తన మీద కాకుండా దాని మీద ఉండాలని. యంత్రం దగ్గర దారానికో ఈక కట్టి గాలికి ఊగనిస్తారు. కొయోట్ ముక్కుని నమ్ముకుని గాలివాలుకి చుట్టూ తిరిగొస్తుంది, బాబ్‌క్యాట్ కన్నూ చెవీ నమ్ముకుంటుంది. కాబట్టి పని చెడేది చాలాసార్లు వేటగాడి చేతివల్లే. దోమ వాలిందని గోక్కుంటాడు, ఇక రాదులే అని ఇరవయ్యో నిమిషంలో లేచి నిలబడతాడు, అప్పుడు కనిపిస్తుంది పొదలోంచి వెనక్కి పోతున్న పొట్టి తోక. నీ కథలో ఈ ఎదురుచూపే లేదు. తుపాకీ పేలిన క్షణానికి ఒక పేజీ ఇచ్చావు, దానికి రెండు వాక్యాలు చాలు. ఆ పేజీ ఈ ముప్పావుగంటకి ఇవ్వు.

రాత్రి వేట పెట్టదలిస్తే ఒక జాగ్రత్త. లైటు వెలుగులో మెరిసే రెండు కళ్లని చూసి కాల్చేవాణ్ణి మంచి వేటగాడిగా చూపించకు. ఆ కళ్లు దూడవి కావచ్చు, పెంపుడు పిల్లివి కావచ్చు. ఒళ్లంతా పోల్చుకున్నాకే, వెనకాల ఏముందో చూసుకున్నాకే ట్రిగ్గర్ మీదికి వేలు వెళ్లాలి.

మేకల యజమాని నీ కథలో కోపంతో ఊగిపోయే మనిషి మాత్రమే. అతనికి చూపు ఇవ్వు. పొద్దున్నే మేకపిల్ల చచ్చి పడుంటే అతను తిట్టుకోడు, ముందు మోకాళ్ల మీద కూర్చుంటాడు. గొంతు దగ్గర చర్మం కత్తితో ఒలిచి చూస్తాడు. చర్మం కింద నెత్తురు గడ్డకట్టి కమిలి ఉంటే పిల్ల బతికుండగా పట్టిందన్నమాట. కమలకపోతే అది ముందే చచ్చింది, ఏదో వచ్చి తిన్నదంతే. కోరపంటి గాట్ల మధ్య దూరం అంగుళానికి లోపే ఉందా, దాటిందా అని వేలితో కొలుస్తాడు. దాటితే కొయోట్ మీద అనుమానం. మిగిలిన కళేబరం మీద ఆకులూ చెత్తా గీరి కప్పి ఉంటే, ఆ గీతలు అడుగు, అడుగున్నర మేర ఉంటే, బాబ్‌క్యాట్. ఇదంతా చూశాక కూడా అతను కాల్చాలనుకుంటే ఆ నిర్ణయానికి బరువుంటుంది. చూడకుండానే కనబడ్డ ప్రతి పిల్లినీ కాల్చే పొరుగువాణ్ణి అతని పక్కన నిలబెడితే, వేటగాళ్లలోనే ఎంత తేడా ఉందో పాఠకుడికి తెలుస్తుంది.

నీ కథలో లోటంతా ఇక్కడే. వేటగాళ్లు ఒక పక్క, జంతుప్రేమికులు ఒక పక్క అని గీత గీశావు. నిజానికి గట్టి తగువు వేటగాళ్ల మధ్యే ఉంది. జింక మాంసంతో ఫ్రీజర్ నింపుకునే మనిషి, తిననిదాన్ని కాల్చనంటాడు. ఇంకొకడు జింక పిల్లలు దక్కాలంటే బాబ్‌క్యాట్లని తగ్గించాలంటాడు. కుక్కలతో తరిమి చెట్టెక్కించేవాళ్లలో కొందరు ఫొటో తీసుకుని, కుక్కలకి తాడు కట్టుకుని ఇంటికి పోతారు. ఎన్ని చంపితే అంత బహుమతి అనే పోటీలని తుపాకీ పట్టినవాళ్లే అసహ్యించుకోవడం ఉంది. అలాంటి పోటీల బహుమతులని కాలిఫోర్నియా 2014లోనే నిషేధించింది. వీళ్లందరినీ విడదీసే ప్రశ్న ఒకటే: చంపాక దాన్నేం చేస్తావు?

అందుకే తుపాకీ పేలాక కథ ఆపకు. తోలు కోసం వచ్చినవాడైతే తూటా ఎంపికలోనే తెలిసిపోతుంది. 223 రైఫిల్‌లో లోపలికెళ్లి విచ్చుకునే తూటా వేస్తే బయటికొచ్చే చోట తోలు చిరిగిపోవచ్చు. అందుకని దగ్గర దూరానికి 22 మ్యాగ్నమ్ వంటి చిన్నది వాడేవాళ్లున్నారు. చిన్నదైతే గురి ముంగాలి వెనక పిడికిలంత చోట తగలాలి, తప్పితే గాయంతో పొదల్లోకి పోతుంది. వెతకాలి. ఎంతసేపు వెతుకుతాడన్నదాంట్లో మనిషి తెలుస్తాడు. చలికాలంలోనే బొచ్చు దట్టం కనుక తోలు వేట అప్పుడే. వెనక కాళ్ల దగ్గర కోసి, చొక్కా విప్పినట్టు తల మీదుగా లాగుతారు. ధరంతా పొట్ట దగ్గరి తెల్లటి బొచ్చుకీ దాని మీది నల్లమచ్చలకీ. మచ్చల పిల్లుల తోళ్లన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి బాబ్‌క్యాట్ 1977 నుంచీ సైటిస్ అనే అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. ట్యాగ్ లేకుండా తోలు దేశం దాటదు.

చట్టాల గొడవ కథలోకి ఎక్కువ తేకు, నువ్వు మాత్రం తెలుసుకో. కాలిఫోర్నియా 2015లో ఉచ్చులు ఆపింది, 2020 నుంచి వేటా ఆపింది, మందల మీద పడినవాటిని చంపడానికి అనుమతి వేరు. కొలరాడోలో 2024 నవంబరులో వేట నిషేధం ప్రజల ఓటుకొస్తే సుమారు 55 శాతం మంది వద్దన్నారు. 2015-16 చలికాలంలో యెల్లోస్టోన్ జాతీయ పార్కులో మాడిసన్ నది ఒడ్డున తిరిగిన ఒకే ఒక్క బాబ్‌క్యాట్ ఫొటోగ్రాఫర్ల ద్వారా 3,08,105 డాలర్లు తెచ్చిందనీ, తోలుగా అయితే దాని విలువ 315 డాలర్లనీ పరిశోధకులు లెక్కకట్టారు. అటువైపు వేటగాడికీ జవాబుంది: 1937 నాటి అమెరికా చట్టం ప్రకారం తుపాకుల మీద, తూటాల మీద 10, 11 శాతం పన్ను తామూ కడుతున్నామనీ, రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి ఆ డబ్బు అందుతోందనీ. ఈ రెండు లెక్కలూ నిజమే. నాకు మొదటివైపు మొగ్గుంది. నీకు ఎటున్నా సరే, రెండోవాడి మాటని బలహీనంగా రాయకు.

మన పాఠకుడి సంగతి మరవకు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత పెరిగినవాళ్లకి వేట అంటే జైలు. కోరింగ మడ అడవుల్లో బావురు పిల్లిని కాపాడుకోవాలని చదివినవాడికి, లైసెన్సు కొనుక్కుని పిల్లిని కాల్చడం అర్థం కాదు. ఇల్లినాయిస్ కూడా అదే 1972లో బాబ్‌క్యాట్ వేట ఆపి, సంఖ్య పెరిగాక 2016లో మళ్లీ తెరిచింది. దీన్ని ఉపన్యాసంలా చెప్పకు, ఆ రాంచ్‌కి వెళ్లిన మన తెలుగు కుర్రాడి నోట ఒక ప్రశ్నగా రానివ్వు చాలు.

చివరి పేరాలో చచ్చిన పిల్లి తోక కొస ‘నల్లగా’ ఉందని రాశావు. చుట్టూ నల్లగా ఉంటే అది కెనడా లింక్స్ అనే వేరే అడవి పిల్లి, టెక్సస్‌లో ఉండదు. బాబ్‌క్యాట్ తోక కొస పైన నలుపు, కింద తెలుపు. నీ కుర్రాడు దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసేలా రాయి. కథకి ఇప్పుడున్న పేరు బాగోలేదు, తిరగరాసింది పంపాక ఆలోచిద్దాం.