పాపను చేర్చుకోలేమని ఊరి బడి అంటే చట్టం ఏం చెబుతుంది?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా దేవరకొండ దగ్గర ఒక పల్లె. మా పాపకు తొమ్మిదేళ్లు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ ఉంది. నడవలేదు, మాట నిదానంగా వస్తుంది, కాని చెప్పిందంతా అర్థం చేసుకుంటుంది. సదరం సర్టిఫికెట్‌లో 70 శాతం వైకల్యం అని రాశారు. ఇప్పటివరకు బడికి పంపలేదు. ఈ ఏడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు తీసుకుపోతే, ‘‘పాపను చూసుకునేవాళ్లు ఇక్కడ లేరమ్మా, భవిత సెంటర్‌కు తీసుకుపోండి, లేకుంటే ఇంటి దగ్గరే చదివించండి, ఎట్లాగూ అడ్మిషన్ల గడువు అయిపోయింది’’ అని పెద్దసారు అన్నారు. మేమేం చేయాలి?

జవాబు: అమ్మా, మీ పాపను వెనక్కి పంపే అధికారం ఆ పాఠశాలకు లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం–2016లోని 31వ సెక్షన్ ప్రకారం, 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ఆ చదువు ఊరి బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్న ఎంపిక కూడా పాపదే. విద్యాహక్కు చట్టం రక్షణ పద్నాలుగేళ్ల వరకే కాబట్టి, పాప పై తరగతులకు వెళ్లినప్పుడు ఈ సెక్షనే మీకు ఆధారం.

గడువు అయిపోయిందన్న మాట నిలబడదు. గడువు దాటాక వచ్చినా ప్రవేశం నిరాకరించరాదని విద్యాహక్కు చట్టం–2009లోని 15వ సెక్షన్ చెబుతుంది. ఇప్పటివరకు బడి మొహం చూడని బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని, తోటివారితో సమానంగా రావడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ అంటుంది.

ఇక ఇంటి దగ్గర చదివించమన్న సలహా గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది తల్లిదండ్రులు ఇక్కడే వెనక్కి తగ్గుతున్నారు. విద్యాహక్కు చట్టానికి 2012లో వచ్చిన సవరణ బహుళ వైకల్యం, తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి వద్ద చదువును కోరుకునే అవకాశం ఇచ్చింది. అది కుటుంబం కోరుకుంటే దక్కే హక్కే తప్ప, బడి తన బాధ్యత దించుకోవడానికి చూపే దారి కానే కాదు. భవిత కేంద్రం సంగతీ అంతే. అక్కడ ఫిజియోథెరపీ, ప్రత్యేక ఉపాధ్యాయుల సాయం అందుతాయి కాబట్టి తప్పకుండా వాడుకోండి, కాని పాప పేరు మాత్రం ఊరి బడి హాజరుపట్టీలో ఉండాలి. చూసుకునేవాళ్లు లేరంటే ఏర్పాటు చేయవలసింది ప్రభుత్వమే. ఇలాంటి పిల్లలకు శిక్షణ పొందిన ప్రత్యేక ఉపాధ్యాయులను నియమించాలని సుప్రీంకోర్టు 2021లో రజనీశ్ కుమార్ పాండే కేసులో స్పష్టం చేసింది.

నోటిమాటతో తిరిగి రావద్దు. ప్రధానోపాధ్యాయుడి పేరిట తెల్లకాగితం మీద దరఖాస్తు రాయండి. ‘‘మా పాపను నాలుగో తరగతిలో చేర్చుకోగలరు, చేర్చుకోలేకపోతే కారణం రాతపూర్వకంగా ఇవ్వగలరు’’ అన్న వాక్యం అందులో తప్పక ఉండాలి. చక్రాల కుర్చీ వెళ్లేలా ర్యాంపు, పాపకు అనువైన మరుగుదొడ్డి, రాతకు అదనపు సమయం, సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద ప్రయాణ భత్యం, పాపకు తోడు వచ్చేవారి భత్యం కూడా అందులోనే కోరండి. ఇవి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 16, 17 సెక్షన్ల కింద అడగదగినవే. సదరం పత్రం నకలు జతచేసి, రెండో ప్రతి మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకోండి. దరఖాస్తు తీసుకోబోమని అంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రశీదు దాచండి. ఆ తర్వాత జరిగే ప్రతి పనికీ ఆ కాగితమే సాక్ష్యం.

అప్పటికీ కదలిక లేకపోతే ఆ నకలుతో మండల విద్యాధికారిని, తర్వాత నల్లగొండలో జిల్లా విద్యాధికారిని కలవండి. దివ్యాంగ పిల్లల ప్రవేశాల కోసం జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో ఒక నోడల్ అధికారి ఉండాలని దివ్యాంగుల హక్కుల చట్టం కింద 2017లో వచ్చిన కేంద్ర నిబంధనలు చెబుతాయి; ఆయన ఎవరో అడిగి, ఫిర్యాదు ఆయన పేరిటే ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలోనూ అర్జీ పెట్టవచ్చు. వీటన్నిటికీ పైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు. అధికారులను పిలిపించి విచారించడానికి ఆయనకు సివిల్ కోర్టుకున్న అధికారాలు ఉన్నాయి. దివ్యాంగుల హక్కుల చట్టాన్ని ఉల్లంఘించినట్లు కోర్టులో రుజువైతే మొదటిసారి పదివేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

హైకోర్టు దాకా వెళ్లవలసి వచ్చినా ఖర్చుకు భయపడకండి. మహిళలకు, పిల్లలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. నల్లగొండ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పాప పేరిట మీరే దరఖాస్తు చేయవచ్చు.