పేపర్లు ఎక్కువుంటే మంచి డాక్టరేనా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది కవిటి దగ్గర పల్లె, ఇప్పుడు మద్దిలపాలెంలో ఉంటున్నాం. నాన్నగారికి క్రియాటినిన్ పెరుగుతోంది, ఇక్కడి కిడ్నీ డాక్టర్ గారే కొన్నేళ్లుగా చూస్తున్నారు. మా బావగారేమో వేరే ఊళ్లో ఒకాయనకి 200 పబ్లికేషన్లు (అచ్చయిన పరిశోధన పేపర్లు), హెచ్-ఇండెక్స్ 25 ఉన్నాయట, ఆయన దగ్గరికే తీసుకెళ్దాం అంటున్నారు. మన డాక్టర్ గారి పేరు కొడితే నాలుగైదు పేపర్లే కనిపించాయి. మారిపోమంటారా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆ నంబర్లు చూసి మాత్రం మారకండమ్మా. హెచ్-ఇండెక్స్ అనేది 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ పెట్టిన లెక్క, పరిశోధకుల్ని పోల్చడానికి. 25 అంటే ఆయన పేపర్లలో 25 పేపర్లని ఒక్కోదాన్నీ కనీసం 25 సార్లు వేరే పేపర్లలో ప్రస్తావించారని, మిగతా 175లో ఏదీ 25 దాటలేదని కూడా అర్థం. పేషెంటుకి మందు డోసు ఎలా సరిచేస్తారు, రిపోర్టు చూసి ఎంత ముందుగా ప్రమాదం పసిగడతారు అన్నది ఇందులో ఎక్కడా లేదు.

సైటేషన్లు, అంటే ఈ ప్రస్తావనలు, వచ్చే దారులు కూడా చాలా ఉంటాయి. లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ అని, ప్రపంచంలో ఏ జబ్బు భారం ఎంతో లెక్కగట్టే పేపర్లు వస్తుంటాయి చూడండి, వందలమంది రచయితలు, వేలకొద్దీ సైటేషన్లు, ఆ జాబితాలో మధ్యలో ఎక్కడో పేరున్నా ఆ సైటేషన్లన్నీ ఆయన ఖాతాలోనే పడతాయి. అందుకే మెడికల్ పేపర్ అయితే మొదటి పేరు, చివరి పేరు చూడాలి, సాధారణంగా పని ఎక్కువ చేసింది మొదటివాళ్లు, నడిపించింది చివరివాళ్లు. ఇంకోటి, మన పేర్లతో పెద్ద చిక్కు. కె. శ్రీనివాసరావు అని కొట్టండి, పది ఊళ్ల శ్రీనివాసరావులూ కలిసి వస్తారు, ఈ గందరగోళం పోవడానికే 2012లో ఒక్కో పరిశోధకుడికి ఒక్కో నంబరుగా 16 అంకెల ఆర్కిడ్ ఐడీ తెచ్చారు, అది ఉంటే ఎవరి పేపర్లు వాళ్లవే విడిగా తెలుస్తాయి.

నాకు బాధనిపించే విషయం ఒకటుంది. బీపీ మీద రాస్తే ప్రపంచమంతా చదువుతుంది, సైటేషన్లు వచ్చేస్తాయి. మీ కవిటి వైపు పల్లెల్లో కనిపించే ఉద్దానం కిడ్నీ జబ్బు మీద ఒక డాక్టరు ఊరూరా తిరిగి శాంపిళ్లు తీసి రాస్తే, దానిమీద పనిచేసేవాళ్లే తక్కువ కాబట్టి ప్రస్తావించేవాళ్లూ తక్కువే. మీ నాన్నగారికి పనికొచ్చేది మాత్రం ఆ రెండోదే కదా! మీ డాక్టర్ గారి నాలుగైదు పేపర్లు దేనిమీదో ఒకసారి తెరిచి చూడండి, మెడికల్ పేపర్లు వెతికే పబ్‌మెడ్ వెబ్‌సైట్‌లో సారాంశం ఉచితంగానే వస్తుంది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, రక్తంలో మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగుని బట్టి కొలిచే పద్ధతి రాశారు, కిడ్నీ పేషెంట్లకి ఫాస్ఫరస్ అదుపులో ఉండడం ఎంత ముఖ్యమో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆ పేపర్ని తర్వాతివాళ్లు వేలసార్లు ప్రస్తావించారు. అయినా హార్వర్డ్‌లో ఆయనకి పర్మనెంట్ పోస్టు రాలేదు, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. అంటే పని విలువ కట్టడం అక్కడివాళ్లకే చేతకాలేదు, మనం గూగుల్‌లో అంకె చూసి ఎలా కడతాం చెప్పండి.

బావగారి మాట కాదనలేకపోతే పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లి ఒకసారి సెకండ్ ఒపీనియన్ తీసుకోండి, తప్పేం లేదు, కానీ ఇక్కడి డాక్టర్ గారికి చెప్పి వెళ్లండి, మందులు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

ప్రశ్న: ఎండీ చదువుతున్నాను సార్. డబ్బు కడితే వారంలో నా థీసిస్ పేపర్ వేస్తామని ఒక జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. కట్టమంటారా?
– పీజీ విద్యార్థి, విశాఖ

జవాబు: వద్దు బాబూ. మంచి ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగే) జర్నళ్లూ ఫీజు తీసుకుంటాయి నిజమే, కానీ వేరే నిపుణులు చదివి, ప్రశ్నలడిగి, దిద్దించడం వారంలో అయ్యే పని కాదు. ఆ జర్నల్ పేరు ఎన్‌ఎల్‌ఎం (అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం) కేటలాగ్‌లో కొట్టి, వాళ్లు ఎంపిక చేసిన జర్నళ్ల జాబితా అయిన మెడ్‌లైన్‌లో ఇప్పుడు ఇండెక్స్ అవుతోందా లేదా చూడు, జర్నల్ వాళ్లు తమ వెబ్‌సైట్‌లో ఆ లోగో పెట్టుకున్నంత మాత్రాన నమ్మకు. మీ గైడ్‌కి, కాలేజీ లైబ్రేరియన్‌కి ఆ మెయిల్ చూపించి అప్పుడే జవాబు రాయి.