పంపు మాత్రం ఎవరినీ అడగకు

బిడ్డా,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి ఒకటే గొణుగుడు. "హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి ఎంఏ చదువుమని పంపితే, హాస్టల్ పక్కన సోపతిగాళ్లతో కూరగాయలు పెడతదంట, అదీ మందుల్లేకుండ" అని. నేను నవ్విన. మీ పెద్దమ్మతో "మన రక్తం ఎక్కడికి పోతది" అని మీసం కూడా దువ్విన. కానీ రాత్రి నిద్ర పట్టలే.

అక్కడిది బండల నడుమ ఎర్ర చెలక, నీళ్లు ఆగవు. మాగిన పెంటఎరువే వెయ్యి, పచ్చి పేడ వేస్తే చెదలు పడతయి. ముందు తోటకూర, పాలకూర చల్లు, నెల తిరిగేసరికి కోతకొస్తయి. నెమళ్లు మొలకలు పొడుస్తయి, వల కట్టు. జీవామృతం ఎకరం లెక్కన చేసి పారబోయకు. 20 లీటర్ల నీళ్లకు కిలో పేడ, లీటరు గోమూత్రం, 200 గ్రాముల బెల్లం, అంతే శనగపిండి, గుప్పెడు గట్టుమన్ను. నీడల రెండు రోజులు పెట్టి, పొద్దున సాయంత్రం కలుపు. మే నెలల అందరు ఊళ్లకు పోతే నీళ్లు ఎవరు పోస్తరో ఇప్పుడే రాసుకోండి. పదిమంది తోటల ఆదివారం ఫోటోకు పదిమంది ఉంటరు, బుధవారం బకెట్ మోసేది ఒక్కరే. చీకటి పడ్డంక టార్చి లేకుండ మడిలకు పోయినవంటే నేనే వచ్చి తోట పీకేస్త.

ఇగ అసలు సంగతి, మందు కొట్టే పంపు.

2006ల మన దిక్కు ఏనబావి ఊరు ఊరంతా రసాయన మందులు, ఎరువులు బంద్ జేసింది. చూసొచ్చి నాకూ పౌరుషమొచ్చింది. మరుసటేడు అర ఎకరం టమాటకు మందు ముట్టనన్న. పెద్దమ్మ వేపగింజలు దంచి, బట్టల మూటగట్టి రాత్రంత నానబెట్టి, పొద్దున ఆ రసం పిండి ఇచ్చింది. మూడు రోజులు ఆమె కలిపిన అన్నం కూడా చేదే. నా పంపు వాషర్ పోయి ఉండె. పక్క చేనాయన పంపు అడిగి తెచ్చిన. మక్కల గడ్డిమందు కొట్టిన పంపది, 2,4-డి. రెండుసార్లు బావి నీళ్లతోని కడిగిన, వాసన కూడా లేదనుకొని వేప నీళ్లు పోసి కొట్టిన.

నాలుగు రోజులకు కొసలన్ని కిందికి వంగినయి. కాండాలు తాడు పేనినట్టు మెలికలు తిరిగినయి. కొత్త ఆకు దారమంత సన్నగ వచ్చింది. నేనేం జేసిన్నో తెలుసా? వాకిట్ల నలుగురి ముందు "నీ కషాయమే నా తోటను చంపింది" అని ఆమె మీద పడ్డ. ఆమె ఏం మాట్లాడలే, రోలు కడిగి బోర్లించింది.

తర్వాత ఒక మొక్క పీకి సంచిల పెట్టుకొని, తెలిసినాయన దగ్గరికి పోయిన. ఆయన ఆకు చూసి అడిగింది ఒక్కటే మాట, "ఏ పంపుతో కొట్టినవ్?" ఆ మందు పైపుల, గ్యాస్కెట్ల ఇంకి ఉంటదట. టమాట, మిరప, పత్తికి చుక్క తగిలినా చాలట. నిజం తెలిసినంక కూడా ఇంట్ల చెప్పనీకి నాకు వారం పట్టింది. విని మీ పెద్దమ్మ, "పంపు కడిగినవు గదా, ఇగ నోరు గూడ కడుక్కో" అన్నది.

అందుకే చెప్తున్న. ఎక్కడన్న మాలి మంచోడై "నా పంపు తీసుకో బిడ్డా" అంటే దండం పెట్టి వద్దను. లాన్ల గడ్డి కంపోస్టుకు తెచ్చేముందు, దాని మీద ఏం కొట్టిన్రో అడుగు. మొక్క పాడైతే మాత్రం సోపతిగాళ్ల మీద ఎగరకు, ముందు నీ చేతులల్ల ఉన్నది చూసుకో.

రేపు ఆర్టీసీ కార్గోల ఒక కొత్త పంపు వేస్తున్న, మన పైసలతో కొన్నదే. దాని మీద ఎర్ర పెయింటుతోని "వేప నీళ్లకే" అని మీ పెద్దమ్మ రాసింది. గింజల మూట కూడా పెట్టింది. దంచేటప్పుడు ముక్కుకు బట్ట కట్టుకో, అన్నం చెంచతోని తిను.

మీ పెద్దనాన్న