సోలార్ కోర్సుకు డబ్బు కట్టేముందు

ప్రశ్న: మాది భీమవరం దగ్గర ఊరు. రొయ్యల చెరువులు చేస్తాం. మా అబ్బాయి ఈఈఈ (ఎలక్ట్రికల్) డిప్లొమా పూర్తి చేశాడు. ప్రభుత్వం సోలార్‌కు బాగా డబ్బు పెడుతోందని, ఉద్యోగం గ్యారంటీ అనే ఓ ఇన్‌స్టిట్యూట్‌లో మూడు నెలల కోర్సుకు 60 వేలు కట్టమంటున్నాడు. ప్రభుత్వం మారితే ఈ ఉద్యోగాలు ఉంటాయా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ 60 వేలు కట్టకండి. అబ్బాయి ఆలోచన మాత్రం తప్పు కాదండి.

బొగ్గు, గ్యాసు అక్కర్లేని విద్యుత్ సామర్థ్యాన్ని 2030 నాటికి 500 గిగావాట్లకు చేర్చాలన్నది కేంద్రం లక్ష్యం. మన రాష్ట్రమూ 2024లో క్లీన్ ఎనర్జీ విధానం తెచ్చింది. పని ఉంటుంది. కానీ పథకం వేరు, రంగం వేరు. పైకప్పు మీద 3 కిలోవాట్ల సోలార్‌కు 78,000 రూపాయల సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్‌ను 2026-27 వరకని మొదట్లోనే ప్రకటించారు. ప్యానెల్ బిగించడం ఒక్కటే వస్తే, సబ్సిడీ తగ్గిన రోజున పనీ తగ్గుతుంది. ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇంతే. కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ గ్యాసును నమ్ముకుని రాజమండ్రి పక్కన వేమగిరి దగ్గర కట్టిన కరెంటు ప్లాంట్లు సరిపడా గ్యాసు రాక ఏళ్ల తరబడి ఆగిపోవడం మన కళ్లముందే జరిగింది కదా.

మీ చెరువు సంగతే తీసుకోండి. నీళ్లకు గాలి ఎక్కించే ఏరియేటర్లు గట్టిగా తిరగాల్సింది అర్ధరాత్రి దాటాక, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే వేళ. సోలార్ కరెంటు వచ్చేది పగలు. ఈ తేడాను పూడ్చడమే ఇప్పుడు దేశం ముందున్న పెద్ద పని. అందుకే బ్యాటరీలు, నంద్యాల జిల్లా పిన్నాపురం లాంటి పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు (మిగులు కరెంటుతో నీళ్లు పైకి ఎక్కించి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసేవి), కొత్త లైన్లు, సబ్‌స్టేషన్లు. ఇవన్నీ ఈఈఈ చదివినవాళ్ల పనే. ఇన్వర్టర్లు, లోపం వస్తే లైను ఆపించే రిలేలు, ట్రాన్స్‌ఫార్మర్లు క్షుణ్ణంగా తెలిసినవాడు ఏ ఇంధనం వచ్చినా, ఏ ప్రభుత్వం వచ్చినా ఖాళీగా ఉండడు.

కాబట్టి స్తోమత ఉంటే డిప్లొమా వాళ్ల ప్రవేశపరీక్ష ఈసెట్ రాయించండి, బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరతాడు. ‘రెన్యూవబుల్ ఎనర్జీ’ అన్న పేరు చూసి బ్రాంచి మార్చొద్దు, ఈఈఈలోనే ఉండనివ్వండి. ట్రాన్స్‌కో, డిస్కం ఏఈ పోస్టులకు అదే అక్కరకొస్తుంది. వెంటనే సంపాదన కావాలంటే కేంద్రం వారి అప్రెంటిస్‌షిప్ పోర్టల్ నాట్స్‌లో పేరు నమోదు చేసుకుని, స్టైపెండ్ వచ్చే అప్రెంటిస్‌షిప్ చేయవచ్చు. సోలార్ పని చేత్తో నేర్చుకోవడానికి కేంద్రం 2015లో మొదలుపెట్టిన సూర్యమిత్ర శిక్షణకు ఫీజు లేదు. దగ్గర్లో బ్యాచ్ ఉందేమో ముందు వాకబు చేయండి.

ఇంత చెప్పినా ఆ కోర్సే కావాలంటే, మీరూ అబ్బాయితో వెళ్లండి. ఉద్యోగం ఇస్తుందనే కంపెనీ పేరు, జీతం కాగితం మీద రాసిమ్మని అడగండి. పాత బ్యాచ్ పిల్లలతో మాట్లాడండి. ఇంకో మాట, ఈ పనిలో ప్రమాదముంది: మెయిన్ స్విచ్ ఆపినా ఎండలో ఉన్న ప్యానెల్‌లో కరెంటు పోదు. పైకప్పు మీద బెల్టు, తాడు, గ్లౌజులతో ప్యానెల్ పని చేయించి చూపించని చోటికి బిడ్డను పంపొద్దండి.