ముసిముసి నవ్వులో ‘ముసి’ ఏమిటి?

సందేహం: ‘వెనక బెంచీ నుంచి ముసిముసి నవ్వులు వినిపించాయి’ అని నా కథలో, మాస్టారు బోర్డు వైపు తిరిగి ఉన్న చోట రాశాను. ముసిముసి నవ్వు కనబడుతుందే గానీ వినబడదని నా స్నేహితురాలు తప్పుపట్టింది. నోరు మూసుకుని నవ్వేది కాబట్టి ‘మూసి మూసి’ నుంచే ఆ మాట పుట్టిందని కూడా అంటోంది. నిజమేనా? – ఒక పాఠకురాలు, హిందూపురం

సమాధానం: ముందు పుట్టుక సంగతి. ‘మూసి మూసి’ వినడానికి బాగానే ఉంది, అర్థానికీ దగ్గరగానే ఉంది. కానీ తెలుగులో క్త్వార్థకాన్ని (చూసి, దాచి లాంటి, ఒక పని ముగిశాక మరో పని అని చెప్పే క్రియారూపాన్ని) రెండుసార్లు అంటే దాని రూపం చెక్కుచెదరదు. చూసి చూసి కళ్లు కాయలు కాస్తాయి, చుసిచుసి కాదు. దాచి దాచి దొంగలపాలు చేస్తాం, దచిదచి కాదు. మూసి ఒక్కటే దీర్ఘం ఎందుకు పోగొట్టుకోవాలి? పైగా మీది హిందూపురం, కన్నడం మీ చెవిన పడుతూనే ఉంటుంది. వాళ్లూ ‘ముసి ముసి నగు’ అనే అంటారు, హ్రస్వంతోనే. అంటే ఇది నిన్నమొన్న మన నోళ్లలో అరిగిపోయిన మాట కాదు.

నా మటుకు నాకు ఇది పకపక, కిలకిల, ఇకఇకల కోవలోని ధ్వన్యనుకరణమే అనిపిస్తుంది. పెదవులు బిగించి ఒకసారి నవ్వి చూడండి. గొంతు పలకదు. ఊపిరి మాత్రం ముక్కులోంచి ‘స్.. స్..’ మంటూ తెరలు తెరలుగా జారుతుంది. పెదవులు కలిస్తే గానీ పలకని ‘మ’, ఊపిరి రాపిడితో పుట్టే ‘స’, రెండూ ఆ మాటలోనే ఉన్నాయి. గొంతు పెగలని చోట మనకు ఈ ‘స’ తరచు తగులుతుంది: గుసగుసలు, రుసరుసలు, పాము బుసబుసలు.

చిరునవ్వుకూ దీనికీ తేడా ఉంది. భరతుడి నాట్యశాస్త్రం నవ్వును స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరు రకాలు చేసింది. స్మితంలో పళ్లు కనబడవు. ముసిముసిలోనూ అంతే. అయితే స్మితంలో దాపరికం లేదు, దరహాసంలోనూ లేదు (‘దర’ అంటే కొంచెం, అంతే). ముసిముసి నవ్వేవారి మనసులో మాత్రం పైకి చెప్పని ముచ్చట ఏదో ఉంటుంది. పెళ్లిచూపుల్లో తలుపు చాటున నిలబడ్డ చెల్లెళ్ల నవ్వు అది.

మొన్న ఒక పరామర్శకు వెళ్లాం. అందరూ తలవంచుకుని చాప మీద కూర్చున్నారు. ఓ పెద్దాయన ఫోన్ హుషారైన సినిమా పాటతో మోగింది. ఆయన టెన్షన్‌తో అన్ని జేబులూ వెతుకుతున్నాడు, పాట ఆగదు. ఇద్దరు కోడళ్లు పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు మాత్రం అదురుతున్నాయి. అది ముసిముసి. ఇంతలో ఓ కుర్రాడు పట్టలేక ‘కిసుక్’మన్నాడు. కిసుక్కున నవ్వడమంటే అదీ. నొక్కిపెట్టిన నవ్వు ఒక్కసారి తన్నుకొచ్చి, మళ్లీ అణిగిపోతుంది. పక్కనున్న వాళ్లమ్మ తొడపాశం పెట్టింది లెండి.

ఇక మీ వాక్యం. గది నిశ్శబ్దంగా ఉంటే ముసిముసి కూడా కాస్త చెవిన పడుతుంది కాబట్టి దాన్ని తప్పనను. కానీ కథలో మాస్టారు బోర్డు వైపు తిరిగి ఉన్నారు, వెనక ఏం జరుగుతోందో ఆయనకు కనబడదు. అక్కడ ‘వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు’ అంటేనే ఆయన వెనక్కి తిరగడానికి కారణం దొరుకుతుంది.