పాత కారు కొనాలా, ఎక్కువ మైలేజీ ఇచ్చే ఖరీదైన కారు కొనాలా?

ఏడాదికి సుమారు 8,000 కిలోమీటర్లు తిరుగుతానని, చూసిన 11 ఏళ్ళ పాత కారు లీటరుకు 11 కిలోమీటర్లు ఇస్తోందని, పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీతో నడిచే మోటారు కూడా ఉన్న కొత్త హైబ్రిడ్ కారు 22 ఇస్తుందని, రెండింటి ధరల తేడా ఇప్పటి రేటు ప్రకారం 6,000 లీటర్ల పెట్రోలుకు సమానమని మీరు రాశారు. ఈ రెండు రకాల బండ్లనూ వేర్వేరు కాలాల్లో సొంత డబ్బుతో నడిపి, పోయించిన ప్రతి లీటరునూ, చేయించిన ప్రతి రిపేరునూ నోటు పుస్తకంలో రాసుకున్నవాడిని కాబట్టి, ఆ పుస్తకం దగ్గర పెట్టుకుని జవాబు రాస్తున్నాను. మీ తిరుగుడుకు పాత కారే సరైనదని నా అభిప్రాయం. అయితే నమ్మకమైన మెకానిక్ పరీక్షించిన తర్వాతే కొనాలి, మొదటి ఏడాది రిపేర్లకు డబ్బు విడిగా పెట్టుకోవాలి. ఈ రెంటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా నా సలహా చెల్లదు.

ధరల తేడాను పెట్రోలు లీటర్లలో చెప్పడం మీరు చేసిన మంచి పని, ఎందుకంటే లెక్క చాలా సులువవుతుంది. 8,000 కిలోమీటర్లకు పాత కారు సుమారు 727 లీటర్లు తాగుతుంది, హైబ్రిడ్ 364 లీటర్లతో సరిపెడుతుంది. అంటే ఏడాదికి మిగిలేది 363 లీటర్లు. ఒక్క పెట్రోలు ఆదా మీదనే 6,000 లీటర్ల తేడా పూడాలంటే పదహారేళ్ళు దాటుతుంది. అదే ఏడాదికి 25,000 కిలోమీటర్లు తిరిగేవారైతే ఆదా 1,136 లీటర్లకు చేరుతుంది, తేడా అయిదేళ్ళ పైచిలుకులో తీరిపోతుంది. కార్లు అవే, మారింది తిరుగుడు మాత్రమే. కాబట్టి 8,000 అన్న మీ అంచనా ఊహా, లేక బండి తిరిగిన దూరం చూపే ఓడోమీటర్ చూసి రాసిందా అన్నది ముందు తేల్చుకోండి.

మైలేజీ అంకె మనల్ని తప్పుదోవ పట్టించే తీరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. 10 ఇచ్చే బండిని వదిలి 12.5 ఇచ్చే బండికి మారితే పెరిగింది రెండున్నరే, 20 నుంచి 25కు మారితే పెరిగింది అయిదు కాబట్టి రెండోదే పెద్ద లాభమని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ 10,000 కిలోమీటర్లకు మొదటి మార్పు 200 లీటర్లు మిగిలిస్తే రెండోది మిగిల్చేది 100 లీటర్లే. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ ఈ పొరపాటు ఎంత సహజంగా జరుగుతుందో 2008లో సైన్స్ పత్రికలో వివరించారు. అందువల్ల 22 ఇచ్చే బండికీ 25 ఇచ్చే బండికీ మధ్య తేల్చుకోలేక సతమతమయ్యే బదులు, 11 ఇచ్చే పాత కారుకు బదులు 15 ఇచ్చే పాత కారు దొరుకుతుందేమో చూడండి. 8,000 కిలోమీటర్ల మీద అదొక్కటే ఏడాదికి 194 లీటర్లు మిగిలిస్తుంది.

ఇక రిపేర్ల సంగతి. నా మొదటి కారు కొనేనాటికే దానికి 12 ఏళ్ళు. ఆరేళ్ళపాటు, ఏడాదికి 7,000 కిలోమీటర్ల చొప్పున నడిపాను. ఇంజిన్‌లో పిస్టన్లూ వాల్వులూ ఒకదానికొకటి తగలకుండా వాటి కదలికలను జతచేసి నడిపే టైమింగ్ బెల్టును ఈ మధ్యనే మార్పించానని అమ్మినాయన చెప్పారు. రశీదు అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. పద్నాలుగు నెలలకు, రోడ్డు మీద ఏ హెచ్చరికా లేకుండా ఇంజిన్ ఒక్కసారిగా ఆగిపోయింది. బెల్టు తెగింది, పైకి లేచిన పిస్టన్లు వాల్వులను కొట్టాయి. సిలిండర్ హెడ్ విప్పిన మెకానిక్ ఒక వాల్వును తీసి గాజు పలక మీద పెట్టి వేలితో దొర్లించారు. నేరుగా దొర్లవలసిన ఆ సన్నని కాడ ఒక్కో చుట్టుకు ఒకసారి పైకి లేచి పడుతూ కదిలింది. వంపు కంటికి ఆనదు, వెలుగులో పెడితే గాజుకూ కాడకూ మధ్య వెంట్రుకవాసి సందు మాత్రం కనిపించింది. ఆ సందు ఖరీదు నాకు ఏడాదిన్నర పెట్రోలు ఖర్చు. క్లచ్ ప్లేటు, రేడియేటర్, ముందు సస్పెన్షన్ బుష్‌లు కూడా ఆ ఆరేళ్ళలోనే మార్చాల్సి వచ్చింది. ఏ కారుకైనా తప్పని టైర్లు, బ్యాటరీ, మామూలు సర్వీసింగ్ తీసేసి చూస్తే, ఏడాదికి సగటున 400 లీటర్ల పెట్రోలు విలువ చేసే రిపేర్లు తేలాయి.

ఖర్చు తడిసి మోపెడయిందని ఆ రోజుల్లో బాధపడ్డ మాట నిజమే. కానీ అదే 400 లీటర్లను మీ లెక్కలో కలిపి చూడండి. హైబ్రిడ్ వల్ల మీకు ఏడాదికి మిగిలేది 763 లీటర్లు అవుతుంది, 6,000 లీటర్ల తేడా పూడడానికి ఇంకా దాదాపు ఎనిమిదేళ్ళు పడుతుంది. నాకు జరిగినంత నష్టం మీకు జరిగినా పాత కారు ఓడిపోదు. పెట్రోలు ధర సగం మేర పెరిగితే మాత్రం మీ 6,000 లీటర్లు 4,000 అవుతాయి, అప్పుడు గడువూ దగ్గరపడుతుంది.

ఆ అనుభవం తర్వాత పాత బండి చూడబోతే నేను కొన్ని పనులు తప్పక చేస్తాను. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నా కళ్ళ ముందే మొదటిసారి స్టార్ట్ చేయమంటాను, అంతకుముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తాను, ఎందుకంటే ముందే వేడి చేసి పెట్టిన ఇంజిన్‌లో చాలా లోపాలు బయటపడవు. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ మండుతోందని, ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ దట్టంగా వస్తూనే ఉంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, లోపలికి చేరుతోందని అనుమానించాలి. నల్ల పొగ అంటే పెట్రోలు అవసరానికి మించి పోతోందని అర్థం, అది కొన్నిసార్లు ఒక సెన్సర్ మార్చితే పోతుంది. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 3518 అని ఉంటే ఆ టైరు 2018వ సంవత్సరం 35వ వారంలో తయారైందని అర్థం, గాడులు లోతుగా ఉన్నా వయసు దాచలేరు. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయితే మార్చినట్టు రశీదు చూపించమనండి. లేకపోతే మార్చనట్టే లెక్కగట్టి ఆ ఖర్చును ధరలో తగ్గించమనండి. ఇందులో మొహమాటం వద్దు.

ఉద్యోగం మారి రానూపోనూ 84 కిలోమీటర్లు ప్రయాణించాల్సి వచ్చినప్పుడు నేనే పాత కారును వదిలేశాను. ఏడాదికి 21,000 కిలోమీటర్లు అనేసరికి నా లెక్క తిరగబడింది. పాత కారు 12 ఇచ్చేది, ఇప్పటి హైబ్రిడ్ సగటున 23 ఇస్తోంది, ఏడాదికి 837 లీటర్లు మిగులుతున్నాయి. ఒక ముఖ్యమైన తేడా గమనించాను. పాత కారు ఖాళీ రోడ్డు మీద బాగా ఇచ్చి, రద్దీలో నీరసించేది. హైబ్రిడ్ రద్దీలోనే ఎక్కువ ఇస్తుంది, ఎందుకంటే బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిలో కొంత బ్యాటరీలోకి చేరుతుంది, ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ ఆగిపోతుంది. మీ 8,000 కిలోమీటర్లలో ఎక్కువ భాగం దూర ప్రయాణాలే అయితే, కంపెనీ చెప్పే 22లో కొంత తగ్గించుకుని, పాత కారుకు కొంత కలిపి లెక్క వేయడం న్యాయం.

నేను హైబ్రిడ్‌ను కొత్తది కొనలేదు, మూడేళ్ళు నడిచినది కొన్నాను. కారు విలువ మొదటి సంవత్సరాల్లోనే వేగంగా పడిపోతుంది, ఆ భారాన్ని మొదటి యజమాని మోశారు. కొత్తదానికి అప్పు తీసుకోవాల్సి వస్తే వడ్డీ కూడా మీ 6,000 లీటర్లకు కలుస్తుంది. తిరిగి అమ్మేటప్పుడు హైబ్రిడ్‌కు మంచి ధర వస్తుందన్నది నిజమే, దాన్ని హైబ్రిడ్ పక్షాన వేయాల్సిందే. అయినా వడ్డీ దానిలో చాలా భాగాన్ని తినేస్తుంది. మీ ముందున్నవి రెండు దారులే అనుకోకుండా, మూడు నాలుగేళ్ళ వయసున్న చిన్న ఇంజిన్ కార్లను కూడా ఒకసారి చూడండి.

లీటర్లలోకి మార్చలేనిది ఒకటుంది, దాని మీద నాకు గట్టి పట్టుదల ఉంది. బండి జారినప్పుడు ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి అదుపులోకి తెచ్చే స్థిరత్వ నియంత్రణ వ్యవస్థ అమెరికాలో 2012 మోడళ్ళ నుంచి, యూరోపియన్ యూనియన్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి అయింది. నా మొదటి కారులో అది లేదు. మీరు చూస్తున్న కారులో అదీ, ఎయిర్‌బ్యాగులూ ఉన్నాయో లేదో కనుక్కోండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా బాగు చేయించకుండా ఆ బండి తీసుకోవద్దు. పిల్లలను వెనక కూర్చోబెట్టుకుని తిరిగేవారైతే ఈ ఒక్క కారణంతో ఖరీదైన కారు తీసుకున్నా నేను తప్పు పట్టను.

మెకానిక్ పరీక్షలో బండి నిలబడితే కొనండి. హైబ్రిడ్‌కు పెట్టకుండా మిగిలిన 6,000 లీటర్లలో కనీసం 800 లీటర్ల విలువను మొదటి ఏడాది రిపేర్లకు విడిగా ఉంచండి. ప్రతిసారీ ట్యాంకు నిండా పోయించి, ఓడోమీటర్ రీడింగ్, పట్టిన లీటర్లు రాసుకోండి. ఏడాది తిరిగేసరికి మీ తిరుగుడు 15,000 దాటినట్టు ఆ పుస్తకంలో తేలితే, అప్పుడు మూడేళ్ళు నడిచిన హైబ్రిడ్ ధరలు కనుక్కోవడం మొదలుపెట్టండి.